డాక్టరు లేని వెయిటింగ్ రూము

మా కుమాసావా లోయలో ఎవరు కులాసాగా ఉన్నారో, ఎవరు మంచాన పడ్డారో తెలియాలంటే ఆసుపత్రి గుమ్మంలో విడిచిన బూట్లు చూస్తే చాలు. ఊదారంగు రబ్బరు బూట్లు ఇసో బామ్మవి. మడమ దగ్గర సైకిలు ట్యూబు ముక్క అతికించినవి సెలూను గెంజిరో గారివి. ఎలుగుబంట్లు బెదరడానికి గంట కట్టుకున్నవి మసునో గారివి. బూట్లు ఉన్నాయంటే మనిషి బాగున్నట్టు, లేవంటే ఏదో అయినట్టు. మిగతా దేశంలో ఆసుపత్రికి జబ్బు చేస్తే వెళ్తారని నేను టీవీలో విన్నాను.

ఆసుపత్రి అనగానే పెద్ద మేడ ఊహించుకోకండి. ముందొక గది, వెనకొక గది, మధ్యలో తలుపు. వెనక గదిలో డాక్టరు తొగాషి గారు, ముందు గదిలో నేను. నా పేరు కినుకో. పేరు పెట్టి పిలవడం, మందుల పొట్లం చేతిలో పెట్టడం, "ఒళ్ళు జాగ్రత్త" అని సాగనంపడం నా ఉద్యోగం. తొగాషి గారు మంచి వైద్యుడే గాని నోట్లోంచి మాట ఊడిపడదు. ఎవరేం చెప్పినా "ఊఁ" అంటారు, కాదనుకుంటే "ఊహూఁ" అంటారు. ఇన్నేళ్ళూ ఊరంతా ఆ రెండు ముక్కల మీదే బతికింది.

వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మందికి ఏ జబ్బూ లేదు. ముసలితనం ఉంది, నొప్పి పట్టీల మీద మోజు ఉంది. ఇసో బామ్మ ఫ్రిజ్జు తెరిస్తే పైనుంచి కిందిదాకా నొప్పి పట్టీలే. చేపలు బయట మంచులో పెట్టుకునేది. నడుముకి ఒక పట్టీ, కిటికీ సందులోంచి చలిగాలి కొట్టకుండా రెండు, కుర్చీ కాలు ఊగకుండా ఒకటి వాడేది. ఎనభై దాటి చాలాకాలమైంది, అయినా నోటికి ఒక్క పట్టీ వేసుకున్న పాపాన పోలేదు.

"ఇవాళ ఎక్కడ నొప్పి బామ్మా?" అని అడిగేదాన్ని.

"నిన్న ఎక్కడని చెప్పానే?"

"మోకాలన్నావు."

"అయితే ఇవాళ భుజం రాసుకో. ఒక్కదాన్నే చూస్తే మిగతావి అలుగుతాయి."

డాక్టరు గారు భుజం చూసి "ఊఁ" అనేవారు. నేను పట్టీలిచ్చి "ఒళ్ళు జాగ్రత్త బామ్మా" అనేదాన్ని. ఆవిడ మొహం వెలిగిపోయేది. "సరే, రేపొస్తా!" అని వెళ్ళేది. అందరిదీ ఇదే వరస. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటే మళ్ళీ రేపెందుకొస్తారో నాకు అర్థమయ్యేది కాదు, ఒళ్ళు మండేది.

మా వైపు ఆ మాటకో మర్యాద ఉంది. ఒంట్లో బాగాలేనివాళ్ళతోనే అంటారు. నిక్షేపంలా ఉన్నవాళ్ళతో అన్నారనుకోండి, "నాకేం రోగమొచ్చిందని?" అని మూతి ముడుచుకుంటారు. ఆ మాట వినాలంటే ఎంతో కొంత జబ్బు ఉండాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ ఏడాది ఆకులు ఎర్రబడే రోజుల్లో రాజధాని నుంచి హిజుమె అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. ఆరోగ్య బీమా శాఖ. సూటు బాగుంది, కళ్ళ కింద నలుపు ఇంకా బాగుంది. ఊరందరినీ సమావేశ మందిరంలో కూర్చోబెట్టి తెర మీద ఒక బొమ్మ వేశాడు. అన్ని ఊళ్ళకీ చిన్న చిన్న నీలం గీతలు, ఒక్కచోట మాత్రం తెర పై అంచు తాకే ఎర్ర గీత.

"ఈ ఎర్ర గీత మీరండీ. మా లెక్క ప్రకారం దేశం మొత్తం మీద ఆసుపత్రికి అందరికంటే ఎక్కువగా వెళ్ళేది ఈ లోయ జనమే" అన్నాడు.

మందిరం చప్పట్లతో దద్దరిల్లింది. గెంజిరో గారు లేచి నిలబడి మరీ కొట్టారు. మాకు ఇంతకుముందు దేనిలోనూ మొదటి స్థానం రాలేదు మరి.

"ఏమిస్తారు బాబూ?" అంది ఇసో బామ్మ. "పోయినసారి ముల్లంగి పోటీలో రెండో బహుమతికే కిరోసిన్ స్టవ్ ఇచ్చారు."

"బహుమతి కాదండీ, ఇది సమస్య!" అని హిజుమె చెమట తుడుచుకున్నాడు. దేశంలో ముసలివాళ్ళు పెరిగారట, బీమా డబ్బు కట్టేవాళ్ళు తగ్గారట. ఖర్చు తగ్గాలి, జనం ఆరోగ్యం మెరుగవ్వాలి, రెండూ ఒకేసారి జరగాలి అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులోనే నమ్మకం లేదు. "మంచు కరిగేలోగా మీ రాకపోకలు సగానికి తగ్గాలి. లేకపోతే ఈ ఆసుపత్రి మూసేసి కనుమ అవతల సిటీ ఆసుపత్రిలో కలిపేస్తాం. అక్కడ యంత్రాలన్నీ కొత్తవి."

"చలికాలంలో కనుమ మూసేస్తారు కదండీ?" అన్నారు గెంజిరో గారు.

"ఎంతకాలం మూస్తారు?"

"తెరిచేదాకా."

హిజుమె ఆ మాట రాసుకున్నాడు గాని దాని బరువు అతనికి అందలేదు. మాకు అందింది. మంచు పడ్డాక ఈ లోయలో ఎవరికి గుండె పట్టేసినా తొగాషి గారే దిక్కు. ఆయన్ని పంపించేస్తే, కనుమ తెరిచేదాకా ఆగమని గుండెకి మేమే నచ్చజెప్పుకోవాలి. చప్పట్లు కొట్టిన చేతులు చల్లబడిపోయాయి.

మర్నాడు పొద్దున్నే ఊరు మొత్తం ఆసుపత్రికి వచ్చింది. ఆసుపత్రికి రాకుండా ఉండటం ఎలాగో మాట్లాడుకోవడానికి.

నేను తలుపు మీద బోర్డు పెట్టాను, జబ్బు ఉన్నవాళ్ళే లోపలికి రావాలని. వచ్చారు. జబ్బు ఉందో లేదో డాక్టరు గారినే అడుగుదామని వచ్చామన్నారు. ఒక ముసలాయన బోర్డులో అక్షరాలు కనబడటం లేదని కళ్ళు చూపించుకోవడానికి వచ్చాడు. నాకు తిక్క రేగింది.

"సిగ్గులేదూ మీకు?" అని అరిచాను. "మీ భుజాలకీ మోకాళ్ళకీ ఈ ఆసుపత్రి కొట్టుకుపోతుంది. రేపట్నుంచి గుమ్మం తొక్కారంటే టోకెన్లు పొయ్యిలో పడేస్తా!"

ఇసో బామ్మ బూట్లు వేసుకుంటూ, "ఇంత కోపం మంచిది కాదే, బీపీ చూపించుకో" అని వెళ్ళిపోయింది. మర్నాడు ఎవరూ రాలేదు. గుమ్మం ఖాళీగా ఉంది. నేను గెలిచాననుకున్నాను.

కొద్దిరోజులకే తెలిసింది ఎంత గెలిచానో. ఇళ్ళలో ఒక్కళ్ళే కూర్చున్నవాళ్ళు తమ గుండె చప్పుడు తామే వినడం మొదలుపెట్టారు. అలా చెవి పెట్టి వింటే ఏ గుండె అయినా అనుమానంగానే కొట్టుకుంటుంది. ఇదివరకు మోకాలన్నవాళ్ళు ఇప్పుడు ప్రాణం పోతోందన్నారు. కనుమ ఇంకా మూయలేదు కాబట్టి సిటీ నుంచి అంబులెన్సు రావడం, పోవడం, మళ్ళీ రావడం. ఇసో బామ్మకి నిజంగానే జ్వరం తగిలింది. మసునో గారైతే టీవీ ఆగిపోయిందని అంబులెన్సుని పిలిచారు, వాళ్ళు బాగుచేసి వెళ్ళారు కూడాను.

హిజుమె ఫోను చేశాడు. "కినుకో గారూ, రాకపోకలు సగానికి సగం తగ్గాయి. ఖర్చు మాత్రం రెండింతలైంది! అసలేం చేస్తున్నారండీ మీరు?"

"మీరు చెప్పిందే చేస్తున్నాం" అని ఫోను పెట్టేశాను.

ఆ రోజు తొగాషి గారు వెనక గదిలోంచి బయటికి వచ్చారు. ముందు గది బెంచీ మీద కూర్చున్నారు. అన్నేళ్ళలో ఆయన ఆ బెంచీ మీద కూర్చోవడం నేను చూడలేదు.

"కినుకో గారూ" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను, ఎవరో కొత్తమనిషి వచ్చారనుకుని. "ఆ గోడ పల్చన. రోజూ అన్నీ వింటూనే ఉన్నా. వాళ్ళు నాకోసం రావట్లేదు. ఈ గది కోసం వస్తున్నారు."

"అయితే ఏం చేద్దామంటారు?"

"గదిని మార్చేయండి. ఎక్కడికైనా. నన్నిక్కడే ఉంచి."

"మరి మీకు తోచద్దూ?"

ఆయన లేచి వెనక గదికేసి నడిచారు. "ఊఁ" అన్నారు.

గది ఎక్కడికి మార్చాలో వెతుక్కోనక్కర్లేదు. గెంజిరో గారి సెలూను ఊరి మధ్యలోనే ఉంది. కత్తిరించడానికి ఊళ్ళో జుట్టే మిగలక అది మూతపడి చాలాకాలమైంది. స్టవ్ ఉంది, పాత పత్రికలున్నాయి, అద్దాలున్నాయి. ఆసుపత్రి బెంచీలు, లోపల తొడుక్కునే గుడ్డ చెప్పులు, టోకెన్లు మంచు మీద లాగే బండిలో వేసి అక్కడికి చేర్చాం. డాక్టరు గారితో మాట్లాడుకుని పొద్దున్నపూట నేను అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాను.

మొదటిరోజు బార్లీ టీ కాచాను. మసునో గారు పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ తెచ్చారు. అందరూ కడుపునిండా ఊసులాడుకున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి ఒక్కొక్కళ్ళ మొహం మాడిపోవడం మొదలైంది.

"ఎంతసేపని కూర్చోబెడతావే కినుకో?" అంది ఇసో బామ్మ. "మా వంతెప్పుడు?"

"వంతు లేదు బామ్మా. ఇక్కడ డాక్టరు గారు లేరు."

"డాక్టరు లేకపోతే మానె. వంతు లేకపోతే ఎలాగే?"

అందరూ తలలూపారు. పిచ్చివాళ్ళలా ఉన్నారే అనుకున్నాను, కానీ వాళ్ళు లేచి వెళ్ళిపోతే మళ్ళీ అంబులెన్సే. సెలూను వెనకభాగానికి ఒక కర్టెన్ కట్టాను. గెంజిరో గారిని దాని వెనక్కి నెట్టాను. ఆయన అలవాటు కొద్దీ వచ్చేటప్పుడే తెల్లకోటు వేసుకుని వచ్చారు, సెలూనులో తెల్లకోటు లేకుండా నిలబడితే కాళ్ళు వణుకుతాయట.

"నేనేం చెయ్యాలమ్మాయ్?"

"ఊఁ అనండి చాలు."

మొదట్లో ఆయనకి కుదరలేదు. "ఊఁ?" అని సాగదీసేసరికి ఒక ముసలాయన తనకేదో పెద్ద జబ్బుందని హడలిపోయాడు. ఆ తర్వాత "ఊఁ! ఊఁ!" అని కథ వింటున్నట్టు అన్నారు. నాలుగు రోజులు అద్దం ముందు సాధన చేశాక సరిగ్గా పలికింది, తొగాషి గారే లోపల ఉన్నారేమో అన్నంతగా. మనిషి వెళ్ళి కుర్చీలో కూర్చుని తన గోడంతా చెప్పుకుంటాడు, గెంజిరో గారు ఊఁ అంటారు, మెడ మీద వేడి తువ్వాలు వేస్తారు, అంతే.

పట్టీలు ఇవ్వనన్నాను. దానికి పెద్ద గొడవైంది. చివరికి మందుల పొట్లాల కాయితాలు మిగిలి ఉంటే వాటిలో వేయించిన సోయా గింజలు పోసి, "మూడు పూటలా, భోజనం తర్వాత" అని రాసిచ్చాను. ఇసో బామ్మకి పళ్ళు లేవు కాబట్టి "నానబెట్టి" అని కూడా రాశాను.

పొట్లం తీసుకున్నా ఆవిడ కదల్లేదు. సంచీ రెండు చేతులతో పట్టుకుని, నా బల్ల ముందు బళ్ళో పిల్లలా నిలబడింది.

"ఇంకేం కావాలి బామ్మా?"

"ఏం లేదు."

"మరి వెళ్ళు."

వెళ్ళలేదు. నా మొహంకేసి చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు, బుర్ర మీద ఎవరో మొట్టినట్టు. ఆవిడ ఇంట్లో టీవీ ఉంది. టీవీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాతావరణం చెబుతుంది గాని ఆవిడతో ఆ మాట అనదు. ఊరికే అనమని అడగడానికి మర్యాద అడ్డం, అందుకని ఇన్నేళ్ళూ మోకాలు అరువు తెచ్చుకుని నా దగ్గరికి వచ్చింది. ఊరంతా అందుకే వచ్చింది.

"ఒళ్ళు జాగ్రత్త బామ్మా" అన్నాను.

"సరే, రేపొస్తా!" అని ఊదారంగు బూట్లు తొడుక్కుని చకచకా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అంబులెన్సు రాలేదు. నిజంగా జబ్బు చేసినవాళ్ళు కూడా తొందరగానే దొరికిపోయేవాళ్ళు. ఒక పొద్దున్న గుమ్మంలో గంట చప్పుడు వినబడలేదు. "మసునో బూట్లేవీ?" అంది ఇసో బామ్మ. ఊరగాయ పళ్ళెం అక్కడే వదిలేసి అందరం పరిగెత్తాం. వంటింట్లో జారిపడి, లేవలేక, స్టవ్ ఆరిపోయి, పెదాలు నీలంగా మారి కనబడ్డారావిడ. బండిలో వేసి తొగాషి గారి దగ్గరికి లాక్కెళ్ళాం. ఇంకో పూట ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదన్నారాయన. పూర్తి వాక్యమే అన్నారు, అంత కంగారుపడ్డారన్నమాట.

తమాషా ఏమిటంటే, కొన్నాళ్ళకి సెలూను గుమ్మంలో ఇంకో జత బూట్లు వచ్చి చేరాయి. ఒకదానికి నల్ల తాడు, ఒకదానికి గోధుమరంగు తాడు. తొగాషి గారివి! పేషెంట్లు లేక ఆసుపత్రిలో గోడలు చూస్తూ కూర్చోలేకపోయారేమో. టోకెన్ తీసుకుని బెంచీ చివర కూర్చునేవారు. వంతు వస్తే కర్టెన్ వెనక్కి వెళ్ళేవారు. తెల్లకోటు వేసుకున్న గెంజిరో గారు, తెల్లకోటు విప్పేసిన డాక్టరు గారు.

"ఊఁ" అనేవారు ఒకరు.

"ఊఁ" అనేవారు రెండోవారు.

బయట మేం నోళ్ళు నొక్కుకుని నవ్వేవాళ్ళం. పొట్లం తీసుకుని ఆయన కూడా నా బల్ల ముందు ఒక్క క్షణం ఆగేవారు. కానీ డాక్టరుతో ఒళ్ళు జాగ్రత్త అని ఎలా అంటాను? ఊరందరి ఒళ్ళూ చూసే మనిషికి రోగం అంటగట్టినట్టు ఉండదూ? "వెళ్ళి రండి" అనేదాన్ని. ఆయన తల వంచి వెళ్ళి రెండు రంగుల తాళ్ళు కట్టుకునేవారు.

చలికాలం చివర్లో ఒక పొద్దున్న కనుమ కాసేపు తెరిచారు. మంచు తోసే బండి వెనకాలే హిజుమె దిగాడు. అతను దిగాడో లేదో మళ్ళీ మంచు ముసురుకుంది, కనుమ మూతపడింది. కాసేపటికి సెలూనులోకి దూసుకొచ్చాడు.

"ఇక్కడేం జరుగుతోంది?"

"బూట్లు!" అని ఇరవై గొంతులు ఒకేసారి అరిచాయి.

అతను నాలుక కరుచుకుని, వెనక్కి వెళ్ళి, బూట్లు విప్పి, వంగి వంగి క్షమాపణలు చెప్పాడు. ఇసో బామ్మ గుడ్డ చెప్పులు తొడిగించి, చేతిలో టోకెన్ పెట్టి, తన పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడతని చూపు కర్టెన్ సందులోంచి తెల్లకోటు మీద పడింది. లోపల్నుంచి "ఊఁ" అని వినబడింది.

"ఎవరతను? లైసెన్సు లేకుండా వైద్యమా?"

"లైసెన్సు ఉందండీ!" అని గెంజిరో గారు లోపల్నుంచే గోడకున్న ఫ్రేము చూపించారు. అది జుట్టు కత్తిరించే లైసెన్సు.

"ఈ మందులెవరిచ్చారు?" అని హిజుమె బామ్మ చేతిలో పొట్లం లాక్కుని ఒకటి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మళ్ళీ నమిలాడు. "సోయా గింజలు" అన్నాడు నీరసంగా.

"నానబెట్టుకో నాయనా, లేకపోతే దవడ నొప్పి పుడుతుంది. ఇక్కడ పట్టీలు కూడా ఇవ్వరు" అంది బామ్మ.

అతను ఇంకేదో అనబోతుండగా నేను పిలిచాను. "హిజుమె గారూ, మీ వంతు." చేతిలో టోకెన్ ఉన్నవాడిని పేరు పెట్టి పిలిస్తే మా దేశంలో లేవనివాడు లేడు. అతనూ లేచాడు. కర్టెన్ వెనక్కి వెళ్ళాడు. గెంజిరో గారు మెడ మీద వేడి తువ్వాలు వేసినట్టున్నారు.

"ఊఁ."

"ఆరోగ్యమేనండీ... అంటే, నిద్ర పట్టదు. ఖర్చు తగ్గించమంటారు, ఎలాగో చెప్పరు. ఇంటికెళ్ళేసరికి పిల్లాడు నిద్రపోతాడు. మొన్న నన్ను చూసి అంకుల్ అన్నాడు..."

"ఊఁ."

చాలాసేపే పట్టింది. బయటికి వచ్చేసరికి చెవులు ఎర్రగా ఉన్నాయి, వెనక జుట్టు నీటుగా కత్తిరించి ఉంది. పొట్లం ఇచ్చాను. "ఒళ్ళు జాగ్రత్త హిజుమె గారూ."

"సరే, రేపొ..." అని ఆగి, గట్టిగా దగ్గాడు. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి, నేను చూశాను.

ఆ తర్వాత నిటారుగా నిలబడి అసలు సంగతి చెప్పాడు. ఖర్చు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేనంతగా తగ్గిందట. మా ఆరోగ్యం కూడా ఎన్నడూ లేనంత బాగుందట. మేం మళ్ళీ చప్పట్లు కొట్టబోయాం.

"అందుకే" అన్నాడు నేలకేసి చూస్తూ, "ఆసుపత్రి మూసెయ్యక తప్పదండీ."

"సగానికి తగ్గించమన్నావుగా? తగ్గించాంగా!" అని నేను లేచాను.

"సగానికి తగ్గిస్తే ఉంచేవాళ్ళు. మీరు దాదాపు సున్నా చేశారు. ఎవరూ వెళ్ళని ఆసుపత్రికి డాక్టరెందుకని పైవాళ్ళు అడుగుతున్నారు."

"ఎక్కువ వెళ్తే మూస్తారు, తక్కువ వెళ్తే మూస్తారు" అంది ఇసో బామ్మ. "సరిగ్గా ఎంత జబ్బు పడమంటావో చెప్పు బాబూ, అంతే పడతాం."

"నన్నేం చెయ్యమంటారండీ? ఇందాక మీ ఆసుపత్రికే ముందు వెళ్ళాను. గుమ్మంలో ఒక్క జత బూట్లు లేవు. పిలిస్తే పలికే దిక్కు లేదు."

ఇసో బామ్మ బెంచీ మీంచి లేచింది.

"పలకలేదా?" అంది బామ్మ. "ఊఁ అని కూడా అనలేదా?"

"లేదండీ."

అందరం గుమ్మంకేసి చూశాం. నల్ల తాడు, గోధుమరంగు తాడు బూట్లు అక్కడ కూడా లేవు. ఈ కుర్రవాడి హడావుడిలో ఎవరం చూసుకోలేదు.

ఎవరు ముందు కదిలారో తెలియదు, అందరం పరిగెత్తాం. గుడ్డ చెప్పులతోనే మంచులో పడి పరిగెత్తాం. ఆసుపత్రి కప్పుకి వెనకవైపు నిచ్చెన ఆనించి ఉంది. కప్పు మీద ఒక పక్క మంచు లేదు. ఆ మంచంతా చూరు కింద కుప్పగా పడి ఉంది, అందులోంచి పార కర్ర ఒకటి పొడుచుకొచ్చింది. ఆ వయసులో, ఒక్కరే, ఎవరికీ చెప్పకుండా, మంచు తోయడానికి కప్పెక్కారు మహానుభావుడు!

చేతికి దొరికిన దానితో తవ్వాం. గెంజిరో గారు తువ్వాలు నానబెట్టే గిన్నెతో తవ్వారు. నేను చేతులతో తవ్వాను. హిజుమె సంచీలోంచి ఆ ఎర్ర గీత బొమ్మే అచ్చేసిన పెద్ద అట్ట తీసి, దాంతో మంచు తోయడం మొదలుపెట్టాడు. ఆ అట్ట మంచుకి భలే పనికొచ్చింది.

"డాక్టరు గారూ! డాక్టరు గారూ!" అని అరుస్తూ ఏడుస్తున్నాను.

కట్టెల మోపుకీ గోడకీ మధ్య సందు ఉంది. ఆ సందులోంచి, చాలా లోపల్నుంచి వినబడింది.

"ఊఁ."

నా ప్రాణం లేచొచ్చింది. మేం లాగేసరికి ఆయన కనుబొమల మీద మంచు, కుడికాలు మోకాలి కింద వంకర తిరిగి ఉంది. "బుద్ధుందా మీకు? ఈ వయసులో కప్పెక్కుతారా?" అని తిట్టాను, ఆయన్ని నేను తిట్టడం అదే మొదటిసారి. హిజుమె సిటీకి ఫోను చేసి అరుస్తున్నాడు. "కనుమ మూసేస్తే ఎలాగండీ? ఎంతసేపు మూస్తారు?" అవతలివాళ్ళు ఏం చెప్పారో గాని అతని మొహం పాలిపోయింది. మాకు చెప్పక్కర్లేదు. తెరిచేదాకా.

ఊళ్ళో ఉన్న ఒక్క వైద్యుడి కాలే విరిగింది. లోపలికి మోసుకెళ్ళి పడుకోబెట్టాం. తెల్లకోటులో ఉన్నది గెంజిరో గారే కాబట్టి అందరూ ఆయనకేసి చూశారు. ఆయన కాళ్ళు వణికాయి, ఈసారి కోటు ఉన్నా సరే.

"ఈ పార కర్ర ఇక్కడ పెట్టి కట్టమంటారా డాక్టరు గారూ?"

"ఊహూఁ."

"ఇంకాస్త కిందికా?"

"ఊఁ."

"ఇంత గట్టిగానా?"

"ఊహూఁహూఁహూఁ!"

కట్టు గుడ్డ చాలలేదు. అప్పటికి ఇసో బామ్మ తన ఇంటికెళ్ళి, బండి లాక్కుంటూ వచ్చింది. బండి నిండా నొప్పి పట్టీలు, ఏళ్ళ తరబడి దాచినవి. కిటికీకి వేసినవి కూడా పీక్కొచ్చింది. "నాకిచ్చినవేగా, తీసుకో నాయనా" అని డాక్టరు గారి నడుము మీద, భుజం మీద, మెడ మీద అతికిస్తూ పోయింది. ఆ వాసనకి హిజుమె కళ్ళు మండాయి. ఏడుస్తున్నాడనుకున్నాం, ఏడుస్తున్నాడేమో కూడా.

"మేం వచ్చినవాళ్ళనే లెక్కపెడుతున్నాం" అన్నాడు నాతో, తడిసిపోయిన సూటులో. "రానివాళ్ళని చూడాలని మాకు తట్టలేదు. ఈ తలుపుకి తాళం వెయ్యనివ్వనండీ. పైవాళ్ళని ఇక్కడికే పట్టుకొస్తాను, చలికాలంలో." అతను మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పటికీ ఆసుపత్రి తెరిచే ఉంది, సెలూనుకి కూడా ప్రభుత్వంవాళ్ళు నోరు తిరగని పొడుగు పేరేదో పెట్టారు.

సాయంత్రానికి మంచు తోసే బండి దారి చేస్తే దాని వెనక అంబులెన్సు వచ్చింది. తొగాషి గారిని స్ట్రెచర్ మీద గుమ్మం దాకా తెచ్చారు. ఊరంతా రెండు పక్కలా నిలబడింది, కాళ్ళకి తడిసిన గుడ్డ చెప్పులతో. ఆసుపత్రిలో నా పాత బల్ల ఆ గుమ్మం పక్కనే. అలవాటు కొద్దీ దాని వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. స్ట్రెచర్ నా ముందుకి వచ్చినప్పుడు ఆయన చెయ్యెత్తి ఆపించారు. ఏం లేదు, ఊరికే నా మొహంకేసి చూశారు.

కాలు విరిగింది. ఒంటినిండా పట్టీలున్నాయి. ఇక ఏ మర్యాదా అడ్డం రాదు.

"ఒళ్ళు జాగ్రత్త డాక్టరు గారూ" అన్నాను.

"ఒళ్ళు జాగ్రత్త!" అంది ఊరంతా నా వెనక.

ఇన్నేళ్ళూ పల్చటి గోడ అవతల్నుంచి వేరేవాళ్ళకి వినబడే మాట అది. ఆయన ఊఁ అంటారనుకున్నాను.

"సరే" అన్నారు. "రేపొస్తా."